పెద్ద పోటీకి ముందు చిన్న పోటీ



నేడు నేను ముచ్చటింపబోవునది ఫుట్‌బాలు ఆటను గూర్చి. "ఈ వయస్సున మాకు బంతియాట యేల?" యని మీరు రేడియో కట్టివేయకముందే ఒక్కమాట మనవి చేసికొందును. ఈ సంగతి బంతి తన్ను పిల్లలకంటె, చందాలిచ్చి, చప్పట్లు కొట్టి, ఓడినపుడు కోపించు మనవంటి పెద్దలకే ఎక్కువగా సంబంధించినది.

గడచిన నెలలో రేపల్లె దాపున నున్న ఒక గ్రామమునుండి నలుగురు పెద్దలు మా యింటికి వచ్చిరి. వారి యూరి పిల్లలు తెనాలిలో జరుగనున్న పెద్ద పోటీలో ఆడవలెనని ఏడాదినుండి సాధన చేయుచున్నారు. దానికి ముందుగా బాపట్లలో నాలుగు జట్లు కూడి ఆడుకొనిన ఒక చిన్న పోటీకి పోయి, రెండు మ్యాచీలాడి, రెండింటను ఓడి వచ్చిరి. ఊరిలో నగుబాటైనది. "పంతులుగారూ, చిన్నదానిలోనే గెలువలేనివారికి పెద్దదాని ఖర్చు ఎందులకు? రైలుఛార్జీలకు, బూట్లకు వసూలుచేసిన చందాలో మిగిలినది రామాలయమునకు సున్నము వేయించుటకు వాడుకొందమని అనుకొనుచున్నాము. మీరు బడిలో పిల్లలను ఆడించినవారు. ఏమందురు?" అని వారు నన్నడిగిరి.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఏల చెప్పలేకపోతినో కడపట విన్నవించెదను. ఆలోచించి చెప్పెదనని వారిని పంపితిని. ఆ యాలోచనయే నేటి ప్రసంగము.

మీలో ఎడ్ల పందెము లెఱుగనివారు లేరు. బండలాగుడు పందెమునకు తన జతను దింపదలచిన రైతు ఏమి చేయును? పెద్ద తిరునాళ్లకు ముందు ఏదో యొక చిన్న యూరి పందెమునకు తోలుకొనిపోయి, ఒకమారు లాగించి చూచును. అచ్చట బహుమానము వచ్చిన మంచిదే. రాకున్నను అతడు చింతింపడు. అతని కన్ను బండ కదలిన దూరముమీద నుండదు, ఎడ్లమీద నుండును. దాపటిది మలుపున వెనుకబడుచున్నదా? వెలపటిది కాడిక్రింద మెడ వంచుచున్నదా? జనము కేకలకు బెదరుచున్నవా? ఇవి కనుగొనుటకే అతడు పోయినాడు. అచ్చటనే ప్రాణములు పోవునట్లు కొట్టి లాగించినచో, పెద్ద పందెమునాటికి ఆ జత కొట్టములో పండుకొనియుండును. ఈ నీతి ఎడ్ల విషయమున మనకు చక్కగా తెలియును. పిల్లల విషయమున మఱచిపోవుదుము.

ఇక లోకమున ఫుట్‌బాలు సంగతి చూతము. ప్రపంచపు పోటీ నాలుగేండ్ల కొకమారు జరుగును. ఆసియా ఖండపు పోటీయు సామాన్యముగా అంతే. ఒక దేశపు జట్టులోని ఆటగాండ్రు ఏడాది పొడుగున ఒకచోట నుండరు. ఎవరి క్లబ్బులో వారు, ఎవరి యూరిలో వారు ఆడుకొనుచుందురు. దేశముకొఱకు కూడియుండు దినములు మిక్కిలి తక్కువ. అందువలన పెద్ద పోటీకి ముందు మూడు నాలుగు దేశములవారు ఒకచోట చేరి, వారము పదిదినములు తమలో తాము ఆడుకొందురు. గెలిచినవారికి ఒక కప్పు ఇత్తురు. కాని ఆ కప్పు అసలు ఫలము కాదు. ఎవని ప్రక్క ఎవనిని నిలిపిన కుదురును, ఒకడు గాయపడిన వానిచోట నిలువగలవాడెవడు, క్రొత్త కుఱ్ఱవానికి జనమును చూచి కాళ్లు వణకునా, ఎన్నడును చూడని దేశమువారి ఆటతీరు ఎట్టిది, ఇవి తెలిసికొనుటయే ఫలము.

తెనాలివారికి దీనిని వేఱుగా బోధింపనక్కఱలేదు. బాపట్లలో పుట్టి, తెనాలి రంగస్థలమున సత్యభామగా వెలసిన స్థానం నరసింహారావుగారి కాలమునుండియు వారికి నాటకము తెలియును, రిహార్సలు తెలియును. రిహార్సలులో పద్యము తప్పిన నటుని చూచి ఎవ్వరును నవ్వరు. తప్పు అచ్చటనే బయటపడుట మేలు. సన్నాహపు పోటీయు ఒక రిహార్సలే. కాని ఒక్క భేదము కలదు. ఈ రిహార్సలుకు టిక్కెట్లు అమ్ముదురు. జనము చూచును, పత్రికలు వ్రాయును, బల్లమీద కప్పు ఒకటి మెఱయుచుండును. అందువలన చూచువారు దీనినే నాటకమని భ్రమింతురు. ఒక్కొక్కప్పుడు ఆడువారును భ్రమింతురు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మొదట మన దేశపు సంగతియే చూడుడు. 1952 మార్చిలో కొలంబో నగరమున భారత, పాకిస్తాన్, బర్మా, సింహళ జట్లు కూడి ఒక చతుర్దేశ పోటీ నాడినవి. భారత, పాకిస్తాన్ జట్లు ఆ కప్పును పంచుకొనినవి. మనవారు సంతోషించిరి. నాలుగు నెలలు తిరుగకముందే హెల్సింకి ఒలింపిక్కులలో యుగోస్లావియా జట్టు మనవారిమీద పది గోలులు కొట్టినది. మనవారు ఒక్కటే కొట్టగలిగిరి. మనవారిలో పలువురు బూట్లు లేకుండ వట్టి కాళ్లతో ఆడు అలవాటు గలవారు. ఇరుగుపొరుగు వారితో ఆడినంతకాలము ఆ లోపము కంటబడలేదు; చలిదేశమున, బూట్లు తొడిగిన బలశాలుల నడుమ కంటబడినది. అటుపిమ్మట బూట్లు తొడుగుకొనియే ఆడవలెనని మన ఫుట్‌బాలు సమాఖ్య కట్టడి చేసినది.

ఆ కాలమున భారత జట్టునకు శిక్షకుడు హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు. ఆయనయు నావలెనే బడిపంతులుగా పనిచేసినవారు. హైదరాబాదు సిటీపోలీసు జట్టును తీర్చిదిద్ది, దేశపు జట్టును చేపట్టిరి. చతుర్దేశ పోటీ 1953లో రంగూనులోను, 1954లో కలకత్తాలోను, 1955లో ఢాకాలోను జరిగినది. మూడుమారులును మనవారే గెలిచిరి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్కులలో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, సెమీఫైనలు చేరి, నాలుగవ స్థానమున నిలిచిరి. ఆ చిన్న పోటీలవలననే ఇది సిద్ధించినదని నేను చెప్పజాలను. బూట్లతో ఆడు అలవాటునకు, కలసి ఆడు నేర్పునకు అవి నారుమడి వంటివైనవని మాత్రము చెప్పుదును. నారుమడిలో పంట పండదు. కాని నారుమడి లేక పంట లేదు.

ఆ రహీమ్‌గారికే ఓటమిని చదువు విద్య ఎంతగా అలవడినదో 1962లో తెలిసినది. జకార్తా ఆసియా క్రీడలలో మొదటి మ్యాచిలోనే మన జట్టు దక్షిణ కొరియాచేతిలో 2–0తో ఓడినది. జట్టు చెదరలేదు. తప్పులు దిద్దుకొనుచు ఫైనలునకు చేరి, అదే దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకము తెచ్చినది. మఱుసటి యేడు, 1963లో, రహీమ్‌గారు కాలధర్మము నొందిరి.

ఇప్పుడు పరదేశముల సంగతి. 1984 ఆరంభమున కలకత్తాలో నెహ్రూ కప్పు పోటీ జరిగినది. దక్షిణ అమెరికానుండి అర్జెంటీనా జట్టు వచ్చినది. దాని శిక్షకుడు కార్లోస్ బిలార్డో, రెండేండ్లకు రానున్న ప్రపంచపు పోటీకి మనుష్యులను ఏరుకొనుచుండెను. అంత పేరుగల జట్టు మన జట్టును ఒక్క గోలుతో మాత్రము గెలిచినది, ఫైనలునకు చేరనేలేదు. ఆ కప్పు చైనాను ఓడించిన పోలండునకు దక్కినది. "అర్జెంటీనా యన నింతియేనా!" యని అనుకొనుటకు తగిన సందర్భమే. కాని 1986 జూన్ 29వ తేదీన మెక్సికో నగరమున పశ్చిమ జర్మనీని 3–2తో ఓడించి ప్రపంచపు కప్పును ఎత్తినది ఆ అర్జెంటీనాయే. ఆనాడు గెలుపు గోలును కొట్టిన హోర్హే బురుచాగా, కలకత్తా మైదానమున ఆడి పోయినవాడే.

ఫ్రాన్సుదేశపు కథ ఇంకను చిత్రమైనది. 1998 ప్రపంచపు పోటీ వారి దేశమున జరుగవలసియుండెను. ఆతిథ్యమిచ్చు దేశమునకు అర్హతపోటీలు లేవు. నేరుగా ప్రవేశము కలదు. సౌకర్యమే గాని, అందువలన వారికి గట్టి పరీక్షలు కరవైనవి. కనుక 1997 జూన్ నెలలో బ్రెజిల్, ఇంగ్లాండు, ఇటలీ జట్లను పిలిచి ఒక చిన్న పోటీ పెట్టుకొనిరి. మూడు మ్యాచీలలో ఫ్రాన్సు ఒక్కటియు గెలువలేదు. బ్రెజిల్‌తోను, ఇటలీతోను సమముగా ముగించి, ఇంగ్లాండుచేతిలో ఓడినది. ఇంగ్లాండు కప్పు తీసికొనిపోయినది. ఫ్రాన్సు శిక్షకుడు ఎమే జాకే పత్రికలవారి పరిహాసమునకు గుఱియయ్యెను. అతడు చలింపక తన పని తాను చేసికొనెను. 1998 జూలై 12వ తేదీన పారిసు చెంత బ్రెజిల్‌ను 3–0తో ఓడించి ఫ్రాన్సు ప్రపంచవిజేత యైనది. చిన్న పోటీ గెలిచిన ఇంగ్లాండు ఆ పోటీ నడుమనే ఇంటిదారి పట్టినది.

ఇంకొకటి వినుడు. ఖండముల విజేతలను కూర్చి కాన్ఫెడరేషన్స్ కప్పు అని యొక పోటీ జరుపుచుండెడివారు. 1997 మొదలు 2017 వఱకు ఆరుమారులు అది ప్రపంచపు పోటీకి సరిగా ముందటి యేట జరిగినది. ఆ ఆరుమారులలో దానిని గెలిచిన జట్టు ఒక్కటైనను మఱుసటి యేట ప్రపంచపు కప్పును గెలువలేదు. 2001లో గెలిచిన ఫ్రాన్సు, 2002లో ఒక్క గోలైనను కొట్టలేక మొదటి దశలోనే వెడలిపోయినది. 2013లో గెలిచిన బ్రెజిల్, 2014లో తన దేశముననే సెమీఫైనలున జర్మనీచేతిలో 7–1తో భంగపడినది. 2017లో గెలిచిన జర్మనీయు 2018లో మొదటి దశను దాటలేదు. ఆ పోటీని తరువాత ఎత్తివేసిరి.

వీనిని విని, "అట్లయిన చిన్న పోటీలో ఓడినవాడే పెద్ద పోటీలో గెలుచునా?" యని మీరు నన్ను ఎకసక్కెము చేయవచ్చును. అట్లు గాదు. మన దేశపు ఇటీవలి సంగతులు చూచిన అది తేలిపోవును. 2018 జూన్‌లో ముంబయిలో నాలుగు దేశముల ఇంటర్‌కాంటినెంటల్ కప్పున మనవారు కెన్యాను 2–0తో ఓడించి గెలిచిరి. 2019 జనవరిలో ఆసియా కప్పున మొదటి దశలోనే నిలిచిపోయిరి. 2023 జూన్‌లో భువనేశ్వరమున లెబనాను ఓడించి మఱల అదే కప్పు గెలిచిరి; 2024 జనవరిలో ఖతరులో ఆసియా కప్పున మూడు మ్యాచీలాడి మూడును ఓడిరి, ఒక్క గోలును కొట్టలేదు. 2024 సెప్టెంబరులో ఆ పోటీ మన తెలుగుగడ్డకే, హైదరాబాదు గచ్చిబౌలి మైదానమునకే వచ్చినది. మారిషసుతో గోలులు లేక సమము. సిరియాచేతిలో 3–0 ఓటమి. సిరియా కప్పు గైకొనినది. సరే, ఓడితిమి గదా, లోపములు తెలిసినవి గదా యనుకొందుమా? 2025లో జరిగిన అర్హతపోటీలలో మనవారు 2027 ఆసియా కప్పునకు స్థానమును సంపాదింపలేకపోయిరి.

కావున చిన్న పోటీలో గెలుపును భాగ్యము గాదు, ఓటమియు విద్య గాదు. అది అద్దము వంటిది. అద్దమున ముఖము చూచికొని మసి తుడుచుకొనువాడు బాగుపడును. అద్దము చూచి మురిసినను, అద్దమును పగులగొట్టినను, మసి అట్లే యుండును.

ఇక నా కథ. నేను వ్యాయామోపాధ్యాయుడను గాను, తెలుగు చెప్పినవాడను. ఆటయందలి మక్కువచే ఒకానొక గ్రామమున పిల్లల జట్టును చూచుకొనుచుండెడివాడను. ఇది ఇరువదియేండ్ల క్రిందటి మాట. తెనాలిలో పెద్ద పోటీకి పదునైదు దినములు ముందు, బాపట్లలో ఇట్టి చిన్న పోటీయే జరిగినది. మేము పదునైదుగురు పిల్లలతో పోతిమి. మొదటి మ్యాచి గెలువగానే నాకు ఆశ పుట్టినది. ఊరిపెద్దలు వచ్చి గట్టున కూర్చుండిరి. వారి యెదుట ఓడరాదనుకొంటిని. మూడు మ్యాచీలలోను అదే పదునొకండుగురను నిలిపితిని. నలుగురు పిల్లలు మూడు దినములును గట్టుమీద బట్టలకు కావలి కాచిరి. వెనుక వరుసలో ఆడు పిల్లవానికి రెండవనాడే చీలమండ వాచినది. "ఇంకొక్కనాడు ఓర్చుకో నాయనా" యని గుడ్డ బిగించి కట్టి ఆడించితిని.

గెలిచితిమి. తెనాలిలో బండి మారి రేపల్లె స్టేషనులో దిగుసరికి దండలు, మేళము సిద్ధముగా నుండెను. నా మెడలోను ఒక దండ పడినది. ఆ దినమున నాయంతవాడు లేడనుకొంటిని.

పదునైదు దినములలో చీలమండ కుదురలేదు. తెనాలిలో వానిచోట, బట్టలకు కావలియున్న నలుగురిలో ఒకనిని నిలుపవలసివచ్చినది. ఆటగాడుగా వాడు తక్కువవాడు గాడు. కాని అంతటి జనము నడుమ అంతకుముందు ఒక్క నిమిషమైనను నిలిచి యెఱుగడు. మొదటి పావుగంటలో వానివైపునుండియే రెండు గోలులు పడినవి. మఱి మేము తేరుకొనలేదు. దండలు వేసిన పెద్దలే తిరుగుదారిలో రైలుపెట్టె నిండ జనము వినుచుండగా వానిని తిట్టిరి. నేను వారింపలేదు. ఆ తిట్లు నాకు చెందవలసినవని తెలిసియు నోరు మెదపలేదు.

ఆ రాత్రి వాడు మా అరుగుకడకు వచ్చి తల వంచుకొని ఒక్కమాట అనెను: "మాస్టారూ, బాపట్లలో నన్నొక్క పావుగంట నిలువనిచ్చియుంటే, ఇక్కడ నాకు కాళ్లు వణకకుండెను." అంతే. మఱునాటినుండి వాడు మైదానమునకు రాలేదు. నేను రెండుమారులు కబురు పంపితిని. మూడవమారు పోయి పిలుచుటకు నాకు ముఖము చెల్లలేదు.

అందుచేతనే ఆ నలుగురు పెద్దలు అడిగినపుడు నా నోట మాట రాలేదు.

వారు పోయిన రెండుదినములకు నేను వారి గ్రామమునకు పోయి, పిల్లలను చెఱువుగట్టున కూర్చుండబెట్టి అడిగితిని. "బాపట్లలో ఎంతమంది ఆడిరిరా?" అని. "పదునైదుగురమును ఆడినామండీ" అనిరి. "ఎట్లు ఓడిరి?" అంటిని. మొదటినాడు 4–1, రెండవనాడు 1–0. "ఎడమవైపునుండియే గోలులు వచ్చుచున్నవని మొదటిరాత్రి కనుగొన్నామండీ. రెండవనాడు అక్కడ ఇద్దరిని మార్చినాము" అని ఒక చిన్నవాడు నేలమీద పుల్లతో గీసి చూపెను. అయ్యలారా, నా దండ పడిన నాడు నా జట్టులో ఇట్లు గీసి చూపగలవాడు ఒక్కడును లేడు. నాలుగు గోలులకును ఒక్క గోలునకును నడుమనే మీ చందా ఫలమున్నది.

కావున ఆ గ్రామపు పెద్దలకును, ఇట్టి పిల్లలుగల ఇతర గ్రామముల పెద్దలకును నా మనవి యిది. చిన్న పోటీనుండి పిల్లలు గెలిచి వచ్చిన స్టేషనుకు మేళము పంపకుడు. ఓడి వచ్చిన రచ్చబండకడ నవ్వకుడు. వారికి అన్నము పెట్టించి, రాత్రి అరుగుమీద కూర్చుండబెట్టి, ఏమి చూచితిరో చెప్పుడని అడుగుడు. జట్టును చూచుకొను పంతులునకు, అందఱు పిల్లలను అచ్చట ఆడించి తీరవలెనని ముందే చెప్పుడు. ఓడినను మాట పడదని అభయ మిండు. ఆ అభయము లేకుండుటచేతనే నావంటివాడు వాచిన కాలికి గుడ్డ కట్టి ఆడించును. కాలు నొచ్చిన పిల్లవానిని మీరే ఇంటికి తీసికొనిరండు.

మిగిలిన చందాతో ఆ పిల్లలను తెనాలికి పంపుడు. రామాలయపు సున్నము ఒక నెల ఆగినంతమాత్రమున రాముడు కోపింపడు. వారు తెనాలిలో గెలుతురో, ఓడుదురో నేను చెప్పలేను. కాని గట్టుమీద బట్టలకు కావలి కాచినవాడు ఆ జట్టులో ఒక్కడును లేడు. నాకు అది చాలును.